సీలు వేసిన తీగ

వైర్‌లెస్ పర్యవేక్షణ కార్యాలయం, సహాయ సంచాలకులు గారి సముఖమునకు

అయ్యా,

విషయం: తూర్పు లోయ పాల కేంద్రములోని వైర్‌లెస్ డబ్బాకు ఇంటర్నెట్టు తీగను తిరిగి తగిలించుకొనుటకు అనుమతి కోరుట.

సూచిక: సదరు డబ్బాకు సీలు వేయుచు తమ కార్యాలయము జారీ చేసిన ఉత్తర్వు.

పై విషయమై, సదరు పాల కేంద్రములో తూకం గుమాస్తాగా పనిచేయుచున్న నేను, తమకు తెలియవలసిన సంగతులను నాకు చేతనైన వరసలో ఈ దిగువ పెట్టుకొనుచున్నాను.

1. మాది రెండు లోయల ప్రాంతము. తూర్పున మేము, పడమట వారు, మధ్యను ఒక కొండగట్టు. గట్టు మీదుగా ఒకే రోడ్డు కలదు. ఫోను టవరు ఏ లోయలోనూ లేదు. టవరు వేయుటకు కంపెనీవారు ఒకసారి వచ్చి, కొండలను చూచి, మంచినీళ్ళు త్రాగి వెళ్ళినారు. మరల రాలేదు. తీగ మీద వచ్చు ఇంటర్నెట్టు మాత్రము తూర్పున మా పాల కేంద్రమునకు, పడమట ధాన్యం గోదామునకు ఉన్నది. మిగిలిన ఇళ్ళకు లేదు, పొలములకు లేదు, రోడ్డు మీద అసలే లేదు.

2. ఈ కారణముచే మావాళ్ళు ఇంటి కప్పుల మీద చిన్న చిన్న డబ్బాలు పెట్టుకున్నారు. అరచేతిలో ఇమిడే డబ్బా, దాని నెత్తిన సోలార్ పలక, పక్కన వేలెడంత యాంటెన్నా. ఒక డబ్బా విన్న మాటను పక్క కప్పు మీది డబ్బాకు చెప్తుంది. అది ఆ పక్కదానికి చెప్తుంది. అలా చేతులు మారి మాట లోయ ఈ చివర నుంచి ఆ చివరకు చేరుతుంది. వీటిని పెట్టించిన మా బడి టీచరమ్మ దీన్ని మెష్ అంటుంది. ఊళ్ళో అందరూ డబ్బాలనే అంటారు. వీటిలో గొంతు పోదు, ఫోటో పోదు. చేతిలో పట్టుకునే చిన్న రేడియో మీద టైపు చేస్తే రెండు మూడు ముక్కలు రాత పోతుంది. "ఆవు ఈనేట్టుంది, మనిషిని పంపు." "మందుల కొట్టు తీశారా?" ఇంతకు మించి మాకు అవసరమూ లేదు.

3. పడమటి లోయలోనూ ఇటువంటి ఏర్పాటే ఉన్నది. అక్కడ దానిని చూసుకునేది మోటార్లు బాగుచేసే మెకానిక్కు. అయితే వారి మాట మాకు వినపడదు, మాది వారికి వినపడదు. గట్టు అడ్డము. గట్టు నెత్తిన డబ్బా పెట్టి చూచినాము. మొదటిది పిడుగుకు మాడిపోయినది. రెండవది గాలికి ఎగిరిపోయినది. మూడవ దానిని కోతులు పట్టుకుపోయినవి; అది కొన్నాళ్ళపాటు ఎక్కడి నుంచో ఏ చెట్టు మీద నుంచో బ్యాటరీ బాగున్నదని చెప్పుచునే ఉన్నది. చివరకు టీచరమ్మా, మెకానిక్కూ కలిసి, పాల కేంద్రంలో ఒక డబ్బాను, గోదాములో ఒక డబ్బాను ఇంటర్నెట్టు తీగకు తగిలించినారు. మా కప్పుల మీద తిరిగిన మాట మా కేంద్రానికి వచ్చి, తీగలో దిగి, గోదాములో తేలి, వారి కప్పులెక్కి పోతుంది. విడివిడిగా ఉన్న రెండు లోయలూ ఒక లోయ అయినట్టయినది.

4. ఇందులో మొదట ఒక పొరపాటు జరిగినమాట వాస్తవము. దానిని దాచుట లేదు.

పాల వ్యాను నడిపేది నా భార్య. అందరూ డ్రైవరమ్మ అంటారు. రెండు లోయల పాలూ ఆమే పోగుచేసి తెస్తుంది. పోయిన వానల్లో మా లోయలోనే, చిత్తడి దారిలో వ్యాను పక్కకు జారింది. ఆమె కుడికాలు ఇరుక్కుంది. చేతికందిన రేడియోలో కబురు పెట్టింది. ఆ కబురు మాకు అందలేదు. డబ్బాలకు ఉన్నది ఒకటే దారి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. అప్పట్లో రెండు లోయల మాటలన్నీ ఒకదాంట్లోకి ఒకటి ఒలికిపోతూ ఉండేవి. అవతలి వాళ్ళ పలకరింపులూ, పరాచికాలూ, పేకాట పిలుపులూ వచ్చి మా కప్పుల మీద కుప్పపడ్డాయి. నా భార్య మాట వాటి వెనక వరసలో నిలబడింది. అది కదిలి మాకు చేరేసరికి మధ్యాహ్నమైంది. చీలమండ విరిగి, అతుక్కుని, కాస్త వంకరగానే ఉండిపోయింది.

ఆ తర్వాత టీచరమ్మ, మెకానిక్కు వారం తిరగకుండా దాన్ని సరిచేశారు. లోయలో కబుర్లు లోయలోనే ఉండేట్టు, ఆపద, రోడ్డు, వైద్యం గురించిన మాటలే తీగ దాటేట్టు మధ్యలో ఒక తలుపు పెట్టారు. నా భార్య కర్ర పట్టుకుని కేంద్రానికి వచ్చి, తనే పంపి, తనే అందుకుని, సరిగ్గా ఉందని తేల్చుకున్నాక గాని మళ్ళీ వ్యాను ఎక్కలేదు.

5. అంతా కుదురుకున్నాక తమ ఇన్‌స్పెక్టరు గారు వచ్చినారు. మర్యాదస్తుడు. పాల క్యాన్లకు జీపు తగలకుండా దూరంగా ఆపారు. ప్రజాభద్రత దృష్ట్యా, జరిగిన ప్రమాదమును పురస్కరించుకొని, అనుమతి లేని సదరు అనుసంధానమును తొలగించవలెనని తమ ఉత్తర్వు చదివి వినిపించారు. అప్పుడు నా భార్య వ్యాను కడుగుతూ ఉంది. చేతిలో గుడ్డతోనే వచ్చింది.

"ప్రమాదం ఎవరికండీ?" అంది.

"మీకేనమ్మా. మీ క్షేమం కోసమే ఈ ఆర్డరు."

"నన్నడిగారా?"

"అడగడానికేముందమ్మా, ఫైల్లో వివరంగా ఉంది."

"ఫైల్లో ఉంది నా కాలు. నేనిక్కడున్నాను. నన్నడగండి, చెప్తాను. ఇది తీసేస్తే గట్టు మీద నేను గుడ్డిదానిలా నడపాలి."

ఇన్‌స్పెక్టరు గారు "నాది సీలు వేసి రమ్మన్న డ్యూటీ అమ్మా" అని మాత్రం అన్నారు. తీగ ఊడదీసి, దాని మూతికి కాగితపు పట్టీ చుట్టి, సంతకం పెట్టి, లక్క వేశారు. పడమటి డబ్బాకు కూడా వేయవలసి ఉన్నది గాని, గట్టు రోడ్డును చూచి, ఆ రోడ్డు మీదికి తన జీపు రాదని చెప్పి వెనుకకు వెళ్ళినారు. మా ఇంటి ఆడమనిషి రోజూ పాలతో పోయి వచ్చే రోడ్డు అది.

6. పిదప నేను తమ కార్యాలయమునకు వచ్చితిని. తమరు మీటింగులో ఉన్నారు. కిటికీ దగ్గరి గుమాస్తా గారు, నాబోటి గుమాస్తాయే గనుక, ఓపికగానే మాట్లాడారు.

"అనుమతికి అర్జీ పెట్టుకోండి. కనెక్షన్ పనిచేస్తున్న స్థితిలో తనిఖీ చేసి ఇస్తాం."

"సీలు ఉండగా ఎలా పనిచేస్తుందండీ?"

"సీలు తీయాలి."

"ఎప్పుడు తీస్తారు?"

"అనుమతి వచ్చాక."

ఆయన కూడా ఆ మాట అన్నాక నా వంక చూసి, కళ్ళజోడు తుడుచుకున్నారు. "రాయండి మాస్టారూ, రాస్తే ఎవరో ఒకరు చదువుతారు" అన్నారు. అందుకే రాస్తున్నాను.

7. కావున, పైన మనవి చేసిన సంగతులను దయతో పరిశీలించి, వానకాలము ముదరక ముందే

అయ్యా, పై వాక్యము పూర్తి కాలేదు. ఇక్కడి వరకు పొద్దున రాసినది. దీని తరువాతది సాయంత్రం రాస్తున్నాను. మధ్యలో వాన వచ్చింది, ఇంకా చాలా వచ్చాయి. పాత కాగితాలు చించేసి మొత్తం కొత్తగా, పద్ధతిగా రాయమని టీచరమ్మ చెప్పింది. నేను చించలేదు. పొద్దున నేను తమ అనుమతి కోరుతున్న మనిషిని. సాయంత్రానికి అది మారింది. రెండూ తమ ముందు ఉండాలి.

8. "ముందే" అన్న మాట దగ్గర కలం ఉండగా బల్ల మీది రేడియో కూసింది. గట్టు రోడ్డు మా వైపు చూసుకునే మేస్త్రీ గుడిసె మీద ఒక డబ్బా ఉంది. అక్కడి నుంచి వచ్చింది.

"మూడో వంపు దగ్గర రాతి గోడ ఉబ్బింది. అడుగు నుంచి బురద నీళ్ళు. ఎవరూ రావద్దు."

మూడో వంపంటే రోడ్డు కొండను అంటుకుని, అటు పక్క అంతా ఖాళీగా ఉండే చోటు. ఆ రోడ్డును లోయలో పడకుండా పట్టుకుని ఉన్నది ఆ గోడే. మా లోయలో ఆ కబురు కప్పుకప్పుకూ పాకింది. బయల్దేరబోయిన బస్సు ఆగిపోయింది. టీచరమ్మ బడి వదిలేసి, కొంగు తల మీద కప్పుకుని, తడుస్తూ కేంద్రానికి వచ్చింది.

"డ్రైవరమ్మ ఏ వైపుంది?"

"పడమట."

"ఎప్పుడు బయల్దేరుతుంది?"

"క్యాన్లు నిండగానే."

"ఈపాటికి నిండి ఉంటాయా?"

నేను గడియారం వంక చూశాను. ఆమెకూ తెలుసు.

ఇంటర్నెట్టు మా కేంద్రంలో ఉంది కదా, కబురు పంపవచ్చు కదా అని తమరు అడుగుతారు. పంపాము. గోదాములోని కంప్యూటరుకు చేరింది కూడా. కాని గోదాము పగటిపూట తాళం వేసి ఉంటుంది. దాని మనిషి పొలంలో ఉంటాడు. తాళం వేసిన గదిలో తెర మీద మా అక్షరాలు వెలుగుతున్నాయి, చదివేవాళ్ళు లేరు. ఆ గదిలోనే, ఆ కంప్యూటరు పక్కనే, తమ వారు సీలు వేయని పడమటి డబ్బా దీపం వెలుగుతూ మా తీగ కోసం ఎదురు చూస్తూ ఉంది.

మేస్త్రీని అడిగాను: "వంపు దాటి అవతలికి పోయి బండిని ఆపగలవా?"

"కాలు పెట్టి చూశా. కదులుతోంది. పోలేను బాబూ."

9. అందువలన సీలును నేను పగలగొట్టితిని.

టీచరమ్మ ముందుకొచ్చింది. "మీరు తప్పుకోండి, నేను తీస్తాను. నా ఉద్యోగం పోతే ఇంటి దగ్గర పాఠాలు చెప్పుకుంటాను. మీకు ఈ తూకం తప్ప ఏం వచ్చు?" అంది. మాట నిజమే గాని, ఉత్తర్వు మా కేంద్రానికి వచ్చింది, తాళంచెవులు నా దగ్గరున్నాయి, వ్యానులో ఉన్నది నా మనిషి. ఆమెను వద్దన్నాను. దాణా సంచులు విప్పే కత్తెరతో తీశాను. లక్క ముక్కలై బల్ల మీద రాలింది. ఇన్‌స్పెక్టరు గారి సంతకం ఉన్న కాగితపు పట్టీని చిరగకుండా విప్పి పెట్టాను. దీనికి జతపరచడమైనది.

తీగ తగిలించాక డబ్బా వెంటనే పలకదు. ముందు ఎర్ర దీపం. తర్వాత అది ఆరుతుంది. ఆరినప్పుడు చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. ఆ తర్వాత పచ్చ దీపం వస్తుంది, ఆగి ఆగి కొట్టుకుంటుంది, అవతలిదాన్ని వెతుక్కుంటుంది. మా ఇద్దరికీ అది తెలుసు. తెలిసి కూడా టీచరమ్మ గోడకు చేరబడి కళ్ళు మూసుకుంది. నేను దీపాన్నే చూస్తూ కూచున్నాను. పచ్చ దీపం నిలిచింది.

"ఆపద. మూడో వంపు గోడ పడిపోతోంది. వ్యాను ఎక్కడుంటే అక్కడ ఆపండి." ఇది పంపాను.

10. మొదట జవాబిచ్చింది నా భార్య కాదు. గట్టు నెత్తికి కొంచెం అవతల, పడమటి వైపు, టీ కొట్టు నడిపే ఆవిడ ఒకరున్నారు. రెండు లోయలకూ గట్టు పిన్ని. ఆమె ఇంటి కప్పు పడమటి డబ్బాల్లో ఆఖరిది. అది దాటి గట్టు ఎక్కి ఇటు దిగడం మొదలుపెడితే, మూడో వంపు దాటేవరకు ఏ డబ్బా మాటా అందదు.

పిన్ని రాసింది: "వ్యాను ఇందాకే దాటిపోయింది. చెయ్యి ఊపింది. ఏమైందిరా?"

టీచరమ్మ అది పైకి చదివింది.

గోడ సంగతి రాశాను. పిన్ని నుంచి జవాబు లేదు. మళ్ళీ రాశాను. లేదు. తర్వాత వచ్చింది: "అల్లుణ్ణి స్కూటరు మీద తరిమా. దానికి హారను లేదు. అరుచుకుంటూ పొమ్మన్నా."

ఆ తర్వాత అటు నుంచి ఏమీ లేదు. వాన రేకుల మీద పడుతోంది. పక్క గదిలో పాలు చల్లబరిచే మోటారు తిరుగుతోంది. నేను మూడో వంపును కళ్ళ ముందు పెట్టుకుని, ఆమె ఏ గేరులో దిగుతుందో, పాలు నిండుగా ఉన్న బండి తడి రోడ్డు మీద ఎంత దూరంలో ఆగుతుందో లెక్కలు వేస్తున్నాను. ఆ లెక్కలు నాకు రావు. ఆమెకు వచ్చు.

అప్పుడు మేస్త్రీ కబురు వచ్చింది.

"పోయింది. గోడ, రోడ్డు, చెట్లు అన్నీ లోయలోకి."

"అవతల బండి ఉందా?"

"మంచు కమ్మింది. ఏం కనపడటం లేదు."

"చప్పుడేమన్నా విన్నావా?"

"రాళ్ళ చప్పుడు బాబూ. అది తప్ప ఏం వినపడదు."

అయ్యా, ఆ తర్వాత కొంతసేపు నేను ఏ స్థితిలో ఉన్నానో చెప్పడానికి అర్జీల్లో రాసే మాటలేవీ సరిపోవు. జరిగింది ఒకటి రాస్తాను. ఆ వానలోనే ఒక రైతు పాలు తెచ్చాడు. నేను లేచి తూకం దగ్గరికి పోయాను. కాటా చూశాను. ఇంత అని చెప్పాను. ఆయన నా భుజం పట్టుకుని మెల్లగా అన్నాడు: "బాబూ, క్యాను ఇంకా నా చేతిలోనే ఉంది."

టీచరమ్మ నన్ను ఒక బోర్లించిన క్యాను మీద కూచోబెట్టింది. రేడియో తన చేతిలోకి తీసుకుంది. ఏం వచ్చినా ముందు తను చదవాలని తీసుకుందని నాకు అర్థమైంది. ఆమె ముఖం చూడకుండా నేను నేల వైపు చూశాను.

11. రేడియో కూసింది. టీచరమ్మ ముందు తనలో చదువుకుంది. తర్వాత పైకి చదివింది.

"ఆగాను. వెనక్కి తిప్పుకొచ్చి పిన్ని దగ్గరున్నా. బండిలో ఒక తల్లి, జ్వరం పిల్ల ఉన్నారు. పిల్లకు ఫిట్సు వస్తోంది. డాక్టర్ని పిలు. తొందరగా."

సంతోషపడటానికి ఆమె మాకు వ్యవధి ఇవ్వలేదు. ఆ పిల్లను మా వైపు ఆస్పత్రికి చూపించడానికి తల్లి వ్యాను ఎక్కిందట. పిన్ని కొట్టు దగ్గర డాక్టరు లేడు, ముందు రోడ్డు లేదు. మా డాక్టరుగారిది కేంద్రానికి ఎదురు వీధే. రైతు పాల క్యాను అక్కడే వదిలేసి పరుగెత్తాడు. డాక్టరుగారు చెప్పుల్లేకుండా వచ్చారు.

ఆయన చెప్తుంటే టీచరమ్మ రాసింది.

"పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. గట్టిగా పట్టుకోవద్దు. బట్టలు వదులు చేయండి."

అవతల నా భార్య టైపు చేస్తోంది. "చేశాం. ఇంకా కొట్టుకుంటోంది. తల్లి చెంచా పెట్టబోయింది, ఆపాను."

"మంచిపని చేశారు. శ్వాస చూడండి. పెదాలు ఏ రంగున్నాయి?"

ఆ ఒక్క ప్రశ్న మా కప్పు నుంచి తీగలో దిగి, తాళం వేసిన గోదాములో తేలి, ఎవరెవరివో ఇళ్ళ కప్పులెక్కి, గట్టు మీది టీ కొట్టుకు చేరాలి. జవాబు అదే దారిన తిరిగి రావాలి. డాక్టరుగారు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో ఒక్క పలకరింపు గాని, ఒక్క పరాచికం గాని అడ్డం రాలేదు. పడమటి లోయలో ఆపద అన్న మాట చూడగానే తమ కబుర్లు కూడా అందరూ ఆపేశారని తర్వాత తెలిసింది.

"మామూలుగానే ఉన్నాయి. ఆగింది. ఇప్పుడు నిద్రలా పడింది. మూలుగుతోంది."

డాక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. "మూలిగితే మంచిదే అని రాయండి. పక్కకే ఉంచండి. కాని ఆస్పత్రికి చేర్చి తీరాలి" అన్నారు.

ఇవన్నీ తన లోయలో కూచుని చదువుతున్న మెకానిక్కు, ఎవరూ చెప్పకుండానే, తన జీపు తీసుకుని గట్టెక్కాడు. తల్లినీ పిల్లనూ ఎక్కించుకుని, పడమటి దారిన, చుట్టూ తిరిగి పట్నం ఆస్పత్రికి దించాడు. నేను ఈ పేరా మొదలుపెట్టేముందు అతని కబురు వచ్చింది. పిల్ల కళ్ళు తెరిచి, వాళ్ళమ్మను గుర్తుపట్టి, నీళ్ళు అడిగిందట.

వ్యాను ఎలా ఆగిందని నా భార్యను అడిగాను. పిన్ని అల్లుడు స్కూటరును వ్యాను ముందుకు తెచ్చి అడ్డం పడేశాడట. "బ్రేకు తొక్కింది ఆ వంకర కాలే. వాళ్ళ ఫైల్లో ఆ సంగతి కూడా ఎక్కించమను" అని రాసింది. ఎక్కించవలసినదిగా కోరుచున్నాను.

12. పొద్దున అనుమతి కోరుతూ ఈ అర్జీ మొదలుపెట్టాను. ఇప్పుడు అడుగుతున్నది వేరు.

తీగ తగిలించే ఉన్నది. నేను దానిని తీయబోవుట లేదు. గట్టు రోడ్డు లేదు గనుక ఇకపై కొన్ని నెలలు రెండు లోయలకూ మధ్య ఉన్న దారి అదొక్కటే. సీలు పగలగొట్టిన నేరము నాది, ఒక్కడిది. టీచరమ్మ ఆ సమయమున గోడకు చేరబడి కళ్ళు మూసుకొని ఉన్నది. ఆమె చూచినది లేదు. జరిమానా అయినా, పిలిచి విచారించుట అయినా నా మీదనే జరగాలి.

తమరు స్వయముగా వచ్చి చూడవలెనని నా కోరిక. తీగలో ఏ మాట దాటుతుందో, ఏది ఆగిపోతుందో టీచరమ్మ తమ ఎదుట పంపి చూపిస్తుంది. లోపముంటే చెప్పండి, సరిచేసుకుంటాము. నియమాలు పెట్టండి, పాటిస్తాము. రిజిస్టరు చేసుకోమంటే చేసుకుంటాము. పగలగొట్టిన సీలు మాత్రము మరల వేయకండి. వేయక తప్పదంటే, వేసే మనిషిని గట్టుకు అటువైపు నుంచి పంపండి. పిన్ని కొట్టు దగ్గర కూచోబెట్టి, ఇవాళ మా డాక్టరుగారి మాటలు ఏ రేడియోలో వచ్చాయో ఆ రేడియో అతని చేతిలో పెడతారు. అప్పటికీ వేయగలిగితే వేయమనండి.

ఇందులోని తప్పునూ ఒప్పునూ తమరు చిత్తగించి, తప్పును నా మీదను, ఒప్పును తీగ మీదను వేయవలెనని ప్రార్థన.

ఇట్లు,
ఈ ఒక్క విషయమున తప్ప అన్నింటా తమ విధేయుడు,
పాల కేంద్రం తూకం గుమాస్తా

జతపరచినది: ఇన్‌స్పెక్టరు గారి సంతకముతో కూడిన కాగితపు పట్టీ, చిరగనిది.

తా.క. అర్జీ రాస్తున్నానని నా భార్యకు కబురు పెట్టాను. తను కూడా చెప్పాలంది. ఆమె ఇంకా గట్టుకు అవతలే, పిన్ని కొట్టులో ఉంది. తీగ మధ్యలోని తలుపు దాటేందుకు రోడ్డు కబురని గుర్తు పెట్టి ఆమె పంపిన ముక్కలను వచ్చినవి వచ్చినట్టు కింద దింపుతున్నాను. రాయవద్దన్నది కూడా వదల్లేదు.

"అయ్యగారూ, ఇటు రోడ్డు పోయింది, పాలు పోసేవాళ్ళు ఆగరు. అందుకని రేపటి పాలు పడమటి దారిన పట్నానికే తెస్తున్నా."

"దారిలో ముందు ఆస్పత్రికి పోయి పిల్లను చూసి, తర్వాత మీ ఆఫీసుకొస్తా. గేటు ముందు పాల వ్యాను కనబడితే అది నాదే. పక్కకు తియ్యమనకండి, తియ్యను."

"మీటింగు ఉంటే అయ్యేదాకా బల్ల మీద కూచుంటా. పాలు మాత్రం కూచోవు. చూసుకోండి."

"ఏమయ్యా, ఇక్కడితో ఆపెయ్యి, కింది ముక్క నీకు. అర్జీలో రాయకు."

"స్కూటరు వాడు అడ్డం పడ్డప్పుడు తాగుబోతనుకుని తిట్టా. నా కళ్ళ ముందే రోడ్డు జారిపోయింది. ఇంకా ఒక్కో అక్షరం రెండేసి సార్లు దిద్దుకుంటున్నా. పిన్ని పడుకోమంటోంది. నిద్ర రాదు. నువ్వు అక్కడే ఉండు. కాసేపు ఏదో ఒకటి పంపుతూ ఉండు."